మంచుకొండ దాచిన మొక్కుబడి

అరచేతిలో ఇమిడిపోయే వెండి లామా. వేలెడంత బంగారు బొమ్మ... దానికో చీరలాంటి చుట్టుబట్ట, పైన శాలువా, నడికట్టు, తలమీద ఈకల కిరీటం. చూడగానే ఏ రాజుగారి పిల్లలో ఆడుకున్న బొమ్మలనిపిస్తాయి. కానీ అవి ఆటకోసం చేసినవి కావు. వాటి వెనకున్న కథ తెలిశాక అదే ముచ్చటతో వాటిని చూడటం కష్టం.

అర్జెంటీనా వాయవ్య మూలన, ఆండీస్ పర్వతాల ఒడిలో ఉంటుంది సాల్టా నగరం. ఊరి నడిబొడ్డున చెట్లనీడల చౌక్, దానికి ఓ పక్క గులాబీరంగు చర్చి. ఆ చౌక్‌ని ఆనుకునే ఓ పాత భవనంలో ‘ఎత్తయిన పర్వతాల పురావస్తు మ్యూజియం’ ఉంది. 2004లో ప్రారంభమైన ఈ మ్యూజియంలోని ప్రధాన సంపదంతా ఒకే ఒక్క కొండశిఖరం మీద దొరికింది. అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ఆ కొండ పేరు యుయాయ్యాకో. ఎత్తు 6,739 మీటర్లు. అదో అగ్నిపర్వతం. 1999 మార్చిలో జోహన్ రైన్‌హార్డ్, కాన్‌స్టాంజా సెరూతీల బృందం ఎముకలు కొరికే చలిలో, ఈదురుగాలుల్లో ఆ శిఖరంమీద తవ్వకాలు జరిపింది. ప్రపంచంలో అంతకన్నా ఎత్తున పురావస్తు స్థలం మరొకటి లేదు.

కరిగించగా మిగిలినవి
ఇంకాల బంగారం గురించి విననివారు తక్కువ. అయినా వాళ్లు చేసిన బంగారు వస్తువులు మ్యూజియాల్లో కాస్త అరుదుగానే కనిపిస్తాయి. కారణం అందరికీ తెలిసిందే. 1532లో స్పెయిన్ సైనికులు కహమార్కాలో ఇంకా రాజు అతావాల్పాని బంధించారు. విడుదల కోసం ఆయన ఒక గది నిండుగా బంగారం, రెండు విడతలు వెండి ఇస్తానన్నాడు. అన్నట్టే దేశం నలుమూలల నుంచీ పాత్రలూ ప్రతిమలూ నగలూ వచ్చాయి. వచ్చినవాటిని వచ్చినట్టే కొలిమిలో వేసి కడ్డీలుగా పోసుకున్నారు. మరుసటి ఏడాది రాజునీ చంపేశారు.

ఆ కొలిమికి అందకుండా మిగిలినవి స్పెయిన్‌వాళ్ల అడుగు పడనిచోట దాక్కున్నవే. మంచుకొండల కొనలు అలాంటి చోట్లు. యుయాయ్యాకో శిఖరంమీద వందకు పైగా వస్తువులు దొరికాయి. బంగారం, వెండే కాదు. మామూలుగా అయితే మట్టిలో చివికిపోవాల్సిన బట్ట, ఈక, కొయ్య, తోలు కూడా నిన్నమొన్న పెట్టినట్టే ఉన్నాయి. మంచు, పొడిగాలి కలిసి వాటిని ఐదొందల ఏళ్లపాటు కాపాడాయి.

నాలుగు దిక్కులూ ఒక్కచోట
ఇంకాలు తమ రాజ్యాన్ని ‘తవాంతిన్‌సుయు’ అనేవారు. నాలుగు భాగాలూ కలిసి ఉన్నది అని అర్థం. ఆ పేరుకి అర్థం తెలియాలంటే ఇక్కడున్న ఒక్క బొమ్మని చూస్తే చాలు. దాని ఒళ్లు ఎర్రటి స్పాండిలస్ అనే ముళ్ల ఆల్చిప్పతో చెక్కింది. ఆ ఆల్చిప్ప ఈక్వడార్ తీరంలోని వెచ్చటి సముద్రంలో దొరుకుతుంది. వాన కురిపించే శక్తి దానికి ఉందని ఇంకాలు నమ్మేవారు. కిరీటంలోని ఈకలకి అడవి పక్షులు కావాలి. బట్ట నేసిన ఉన్ని ఎత్తయిన పీఠభూముల్లో మేసే లామా, అల్పాకాలది. సముద్రం, అడవి, కొండ... అన్నీ ఓ జానెడు బొమ్మలోకి వచ్చి చేరాయి!

ఇక నేతపని. బొమ్మల బట్టలు పెద్ద గుడ్డలోంచి కత్తిరించినవి కావు. ఆండీస్ నేతగాళ్లకి మగ్గంమీద ఉన్న బట్టని కత్తిరించే అలవాటే లేదు. ఎంత కావాలో అంతే, నాలుగువైపులా అంచులతో నేసేవారు. బొమ్మ చీరకీ అదే పద్ధతి. శాలువా జారకుండా గుచ్చే ‘తుపు’ అనే పిన్నీసు కూడా బొమ్మకి తగ్గ సైజులోనే ఉంటుంది. ఇంకాల దృష్టిలో మేలురకం బట్టకున్న విలువ బంగారానికి కూడా లేదంటారు చరిత్రకారులు. సైనికుడి సేవ మెచ్చినా, ఓ సామంతుణ్ని దగ్గర చేసుకోవాలన్నా రాజు ఇచ్చే కానుక బట్టే.

మగబొమ్మల్ని చెవులని బట్టి గుర్తుపట్టొచ్చు. పెద్దింటి మగవాళ్లు చెవులకి లావుపాటి కమ్మలు పెట్టేవారు. అందుకే ఆ బొమ్మల తమ్మెలు సాగి వేలాడుతుంటాయి. వాటి ముందు లామాలు బారులుతీరి ఉంటాయి. ‘కెరో’ అనే కొయ్య లోటాలని ఎప్పుడూ జతగానే చేసేవారు. మొక్కజొన్నని పులియబెట్టి తీసే చిచా అనే కల్లుని ఒకరే తాగడం మర్యాద కాదు. ఒక లోటా నాకు, ఒకటి నీకు. శిఖరంమీద ఆ రెండోది కొండదేవుడికి.

ఆ ముగ్గురు
అయితే ఈ వస్తువులేవీ ఒంటరిగా దొరకలేదు. వాటి మధ్య ముగ్గురు పిల్లలున్నారు. పదమూడేళ్ల అమ్మాయి, నాలుగైదేళ్ల బాబు, అదే వయసు పాప. ‘కపకోచా’ అనే మొక్కుబడిలో కొండకి అర్పించిన పిల్లలు. రకరకాల ప్రాంతాల నుంచి పిల్లల్ని ఎంచి రాజధాని కుస్కోకి తెచ్చి, వేడుకలు చేసి, అక్కణ్నుంచి శిఖరాలకి నడిపించేవారని నాటి స్పెయిన్ రచయితలు రాశారు. కుస్కో నుంచి యుయాయ్యాకోకి వెయ్యి కిలోమీటర్లకు పైనే!

అమ్మాయి జుట్టు మీద జరిపిన పరీక్షల ఫలితాలు 2007లో, 2013లో వెలువడ్డాయి. చనిపోవడానికి ఏడాది ముందు నుంచీ ఆమెకి మొక్కజొన్న, మాంసం లాంటి మంచి తిండి దొరికింది. అప్పటినుంచే కోకా ఆకు వాడకం పెరిగింది. చివరి వారాల్లో చిచా బాగా ఎక్కువైంది. మఠం వేసుకుని, తల కాస్త వంచి, నిద్రపోతున్నట్టే ఉంటుందామె. నోట్లో నమిలిన కోకా ఆకు అలాగే ఉంది. బాబు ఒంటిచుట్టూ మాత్రం తాడు బిగించి ఉంది. పాప మీద ఎప్పుడో పిడుగు పడింది. మట్టిలోంచి దిగి ఒంటిని కొంత కాల్చేసింది.

2007లో ఆ అమ్మాయిని తొలిసారి ప్రదర్శనకి పెట్టినప్పుడు కొందరు ఆదివాసీ నాయకులు అడ్డుచెప్పారు. కొండదగ్గర పడుకోబెట్టిన పిల్లల్ని లేపి టిక్కెట్టుకి చూపించడం ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. మంచు మధ్యే వదిలేస్తే దొంగలు తవ్వుకుపోయేవారన్నది తవ్వినవాళ్ల జవాబు. రెండూ కొట్టిపారేయదగ్గవి కావు. మ్యూజియం మధ్యేమార్గం పట్టింది. ముగ్గుర్నీ మైనస్ 20 డిగ్రీల చలిలో భద్రపరుస్తూ, ఒక్కసారికి ఒక్కరినే వంతులవారీగా బయట ఉంచుతుంది. ఫొటోలు తీయనివ్వరు.

ఆ పనితనం మనదాకా వచ్చిందంటే కారణం ఈ పిల్లలే. కొండమీదికి వాళ్లని తీసుకెళ్లకపోతే ఆ బంగారం కొలిమిలో కరిగేది, ఆ బట్ట మట్టిలో చివికేది. నేసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. పిల్లల పేర్లూ తెలియవు. మ్యూజియం వాళ్లని ‘కన్య’, ‘బాలుడు’, ‘పిడుగు పాప’ అని పిలుస్తుంది. కన్య తలనిండా సన్నటి జడలున్నాయి. ఎవరో ఎంతో ఓపిగ్గా ఆమె వెనక కూర్చుని, పాయలు విడదీసి అల్లిన జడలు.