గోదారి ఒడ్డున ఫ్రెంచి ఊరు

ఫ్రాన్సు దేశం చూడాలని ఎవరికుండదు చెప్పండి! కానీ పాస్‌పోర్టులూ, విమానం టికెట్లూ మనలాంటి ఇళ్ళలో అయ్యే పనేనా? అయితే మన తెలుగు నేల మీదే, కాకినాడకి ముప్ఫై కిలోమీటర్ల లోపే, 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరిన ఊరొకటుంది. అదే యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున, పెద్ద ఊరి పక్కన ఉన్నా ఆ హడావిడి అంటని చిన్న ఊరు. పోయినేడు ఆగస్టులో మేం వెళ్ళొచ్చిన ఆ ఊరి సంగతులు మన పాఠకురాళ్ళతో పంచుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది బందరు పక్కన గిలకలదిండి. పడవలూ, వలలూ, ఐసు గడ్డలూ, చేపల వేలం పాటలూ... తెల్లారేసరికి మా రేవంతా సందడే. మావారికి రేవు దగ్గర వలలూ తాళ్ళూ అమ్మే కొట్టుంది. ఫ్రెంచివాళ్ళ పేరు మా బందరు వాళ్ళకి కొత్తేం కాదు లెండి. 1669లో గోల్కొండ సుల్తాను అనుమతి తెచ్చుకుని వాళ్ళు బందరులో వర్తకం పెట్టారు. వాళ్ళున్నచోటు ఫ్రెంచిపేట, ఇంగ్లీషువాళ్ళది ఇంగ్లీషుపాలెం, డచ్చివాళ్ళది వలందపాలెం. ఈ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. 1750లో బందరు మొత్తం ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చింది. 1759లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు కోట పట్టుకోవడంతో వాళ్ళ వైభవం పోయింది. ఆఖరికి ఫ్రెంచిపేటలో వాళ్ళకి మిగిలిన కాస్త జాగా కూడా 1947 అక్టోబరులో మన దేశానికి ఇచ్చేశారు. ఇప్పుడు ఫ్రెంచిపేటకి వెళితే పేరు తప్ప ఫ్రెంచి ఏమీ కనపడదు. యానాం అలా కాదు.

అమ్మమ్మ కోరిక

అసలు ఈ ప్రయాణం మా అమ్మమ్మ కోసం పెట్టుకున్నది. ఆవిడకి 88 ఏళ్ళు. పుట్టిల్లు యానాం పక్కనే ఉన్న తాళ్ళరేవు. పెళ్ళి జరిగింది మాత్రం యానాంలో. "పోయేలోగా ఆ ఊరొకసారి చూపించవే" అని రెండేళ్ళుగా అడుగుతోంది. మా పెద్దమ్మాయికి ఇంటర్ అయి, డిగ్రీలో చేర్చాలా వద్దా అన్న తర్జనభర్జనలో ఉన్నాం. ఎందుకంటే కైకలూరు వైపు నుంచి ఒక మంచి సంబంధం వచ్చింది. చేపల చెరువులున్న కుటుంబం, అబ్బాయి బుద్ధిమంతుడు. కార్తీకంలో పిల్లకి పద్దెనిమిది నిండుతాయి, నిండగానే తాంబూలాలు పుచ్చుకుందామని వాళ్ళ తొందర. "వచ్చాక తేలుద్దాంలే" అని మావారు కొట్టు తమ్ముడికి అప్పజెప్పి కారు మాట్లాడారు. అమ్మమ్మ, మేమిద్దరం, పిల్లలిద్దరూ.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. పెడన మీదుగా నరసాపురం, పాలకొల్లు దాటి కోనసీమలోకి. మూడు గోదారి పాయలు దాటాలి. చించినాడ దగ్గర వసిష్ఠ, తర్వాత వైనతేయ, ఆఖర్న ఎదుర్లంక దగ్గర గౌతమి. దారంతా కొబ్బరి తోటలే. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాం. రాజోలు దాటాక ఒక కొబ్బరి తోటలో చాప వేసుకుని తిన్నాం. అమ్మమ్మకి కాళ్ళు చాపుకోడానికి వీలైంది.

ఎదుర్లంక నుంచి యానాంకి వెళ్ళే వంతెనకి బాలయోగి గారి పేరు పెట్టారు. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ 2002 మార్చిలో, అప్పట్లో మా కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు దగ్గరే హెలికాప్టరు ప్రమాదంలో పోయారు కదా, ఆయనే. ఆ వంతెన లేనప్పుడు గౌతమిని పంటు మీదే దాటాల్సి వచ్చేదిట. వంతెన మీద కారు నెమ్మదిగా పోనివ్వమన్నాను. వరద రోజులు కావడంతో నది ఎర్రగా, నిండుగా, ఆ ఒడ్డు కనిపించనంత వెడల్పుగా ఉంది. సముద్రం పక్కన పుట్టి పెరిగినదాన్ని, నాకే కళ్ళు చెదిరాయి.

ఊరు చిన్నది, కథ పెద్దది

యానాం మొత్తం ముప్ఫై చదరపు కిలోమీటర్లే. జనం 2011 లెక్కల్లో యాభై అయిదు వేల పైచిలుకు. చుట్టూ ఆంధ్రప్రదేశ్, కానీ పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ఉన్న పుదుచ్చేరిది. తమిళనాడు మధ్య కారైకాల్, కేరళ పక్కన మాహే ఉన్నట్టే మన తెలుగువాళ్ళకి యానాం అన్నమాట. 1723లో ఫ్రెంచివాళ్ళు మొదటిసారి ఇక్కడ దిగారు. మధ్యలో ఇంగ్లీషువాళ్ళు కొన్నిసార్లు పట్టుకున్నా మళ్ళీ వాళ్ళకే ఇచ్చేశారు. మనకి 1947లో స్వాతంత్య్రం వచ్చినా యానాం వాళ్ళు ఇంకో ఏడేళ్ళు ఫ్రెంచి పాలనలోనే ఉన్నారు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో జనం ఊరిని స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడు నవంబరు 1న ఫ్రెంచివాళ్ళు నాలుగు ఊళ్ళూ అప్పగించి వెళ్ళారు. కాగితాల మీద పూర్తిగా మనదయ్యేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది. కావాలన్నవాళ్ళు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చని గడువు కూడా ఇచ్చారు. అలా ఉండిపోయి ఫ్రాన్సులో స్థిరపడ్డ కుటుంబాలున్నాయి.

ఫ్రెంచివాళ్ళ కాలం నాటి చర్చి చూశాం. 1846లో పూర్తయిందట. ఎత్తయిన గోడలు, లోపల చల్లగా, ఎంత ప్రశాంతంగా ఉందో! మా చిన్నాడు కూడా గొంతు తగ్గించి మాట్లాడాడంటే చూడండి. నది ఒడ్డున పొడుగునా నడిచే బాట, కూర్చోడానికి బల్లలు, భారతమాత విగ్రహం, ఏనుగులు నీళ్ళు పోస్తున్నట్టు కట్టిన శివలింగం ఉన్నాయి. నూరు మీటర్ల ఎత్తున ఒక స్తంభం కట్టి దానికి యానాం ఐఫిల్ టవరని పేరు పెట్టుకున్నారు. మా పిల్లలకి అదే నచ్చింది.

ఒక్క సంగతి చెప్పాలి. పన్నులు తక్కువ కావడంతో ఇక్కడ మందు చవక. చుట్టుపక్కల ఊళ్ళ మగాళ్ళు దానికోసమే వస్తుంటారు. అందుకని ఆడవాళ్ళూ పిల్లలూ వెళితే ఆదివారం కాకుండా మామూలు రోజు వెళ్ళడం మంచిది. మేం బుధవారం వెళ్ళాం. ఏ ఇబ్బందీ లేదు.

కల్యాణపురం

యానాంకి కల్యాణపురం అని ఇంకో పేరుంది. ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను. ఆ పేరెలా వచ్చిందో అమ్మమ్మ చెప్పేదాకా నాకు తెలీదు.

ఇంగ్లీషువాళ్ళ పాలనలో 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ నుంచి ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే జుల్మానా, జైలు. యానాం ఫ్రెంచివాళ్ళది కదా, ఆ చట్టం ఇక్కడ చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు చిన్నపిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ పందిళ్ళు వేసి పెళ్ళిళ్ళు చేసి, మర్నాడు తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. అదీ కల్యాణపురం!

అమ్మమ్మ పెళ్ళి 1946లో. ఆవిడకి తొమ్మిదేళ్ళు, తాతయ్యకి పదిహేను. తాతయ్య వాళ్ళు బందరులో రైలెక్కి కాకినాడ వచ్చారట. తాళ్ళరేవు నుంచి వీళ్ళు రాత్రికి రాత్రి రెండెడ్ల బండి కట్టించుకుని వచ్చారట. నది ఒడ్డున బల్ల మీద కూర్చుని చెప్పింది అమ్మమ్మ.

"పొలిమేర దాటగానే మా నాన్న 'అమ్మయ్య, ఇంక మనల్ని అడిగేవాడు లేడు' అన్నాడే. ఎర్రటోపీ పెట్టుకున్న పోలీసుని చూసి నేను ఏడుపు లంకించుకున్నాను. తలంబ్రాల వేళకి నిద్రపోయానట. మా మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా చెయ్యి పట్టుకుని పోయించాడు. నాకేం గుర్తులేదు. మంగళవారం సంతలో మా అమ్మ కొనిపెట్టిన అద్దం ఒక్కటి గుర్తుంది."

"స్కూలుకెళ్ళేదానివా తాతమ్మా?" అంది మా పెద్దమ్మాయి.

"మూడో తరగతి. పెళ్ళయి ఇంటికొచ్చాక పలకెత్తుకుని బయల్దేరాను. పెళ్ళయినదానికి బడేంటని మా నాయనమ్మ పలక లాక్కుని అటక మీద పెట్టేసింది."

పెళ్ళి జరిగిన ఇల్లు చూడాలని వీధులన్నీ తిరిగాం. దొరకలేదు. ఎనభై ఏళ్ళు కావస్తోంది, ఎలా దొరుకుతుంది? ఆ వీధి ఇదేనేమో అనుకున్నచోట సెల్‌ఫోన్ల కొట్టు, మందుల షాపు ఉన్నాయి. అంతలో స్కూలు వదిలినట్టున్నారు. యూనిఫారాలు వేసుకున్న ఆడపిల్లలు గుంపులు గుంపులుగా సైకిళ్ళ మీద వెళుతున్నారు. అమ్మమ్మ కారు కిటికీలోంచి వాళ్ళు వెళ్ళిపోయేదాకా చూసింది. తర్వాత మావారి వైపు తిరిగి, "మా నాన్న నా మంచే చూశాడు బాబూ. మీ తాతగారు కూడా నన్ను బాగానే చూసుకున్నారు. కానీ ఇంత దూరం బండి కట్టించుకుని వచ్చారు గానీ నన్నొక్క మాట అడగలేదు. మీరు దాన్ని అడిగారా?" అంది.

కారులో ఎవ్వరం మాట్లాడలేదు. నాకు మటుకు నా పెళ్ళి గుర్తొచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసిన నెలకే పెళ్ళి పీటల మీద కూర్చున్నాను. నన్నూ ఎవరూ అడగలేదు. అడగాలని కూడా తెలీని రోజులవి. కాసేపటికి మావారే, "నీకేం చెయ్యాలనుంది తల్లీ?" అని అడిగారు. "బీఎస్సీ చదువుతాను నాన్నా. ఆ అబ్బాయి మంచివాడు కాదని కాదు. ఇప్పుడొద్దు" అంది. అంత స్పష్టంగా చెబుతుందని నేననుకోలేదు.

పులస పులుసు

ఆ రాత్రి తాళ్ళరేవులో మా వదిన వాళ్ళింట్లో పడుకున్నాం. మేం పట్టుకెళ్ళిన బందరు లడ్డు చూసి వాళ్ళు, వాళ్ళు వండిన పులస చూసి మేం మురిసిపోయాం. "పుస్తెలమ్మయినా పులస తినాలి" అంటారు కదా. సముద్రంలో ఉన్నంతసేపు అది విలసే. వరద నీటికి ఎదురీది గోదారిలోకి వచ్చాకే పులస అవుతుంది. ఆ రుచికీ ఈ రుచికీ పోలికే లేదు. రేవులో పుట్టినదాన్ని, చేప సంగతి నాకొకరు చెప్పక్కర్లేదనుకునేదాన్ని. వదిన దగ్గర రెండు మూడు కిటుకులు నేర్చుకున్నాను.

మట్టి దాకలోనే వండాలి. ఉల్లిపాయ ముద్ద నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, ఉప్పు, కారం, పసుపు, ధనియాల పొడి వేసి, చిక్కటి చింతపండు పులుసు పోసి మరగనివ్వాలి. అప్పుడు ముక్కలు పేర్చి, లేత బెండకాయలు, చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి సన్నటి సెగ మీద ఉంచాలి. గరిటె అస్సలు పెట్టకూడదు. దాకని గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. నూనె పైకి తేలాక దింపేసి, ఆ పూట కాకుండా మర్నాడు తినాలి. పులసకి ముళ్ళు ఎక్కువ, చిన్నపిల్లలకి దగ్గరుండి తీసిపెట్టండి. కిలో వేలల్లో పలుకుతుంది కాబట్టి మనలాంటివాళ్ళం మామూలు చేపతో కూడా ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు. నేను గిలకలదిండి వచ్చాక పండుగప్పతో చేశాను, బాగా కుదిరింది.

వదిన వాళ్ళ అత్తగారు 1996 నవంబరు తుఫాను కబుర్లు చెప్పింది. ఆ రాత్రి యానాం, తాళ్ళరేవు వైపు ఎంత నష్టం జరిగిందో వింటుంటే మాకు 1977 దివిసీమ ఉప్పెన గుర్తొచ్చింది. 1839లో కోరంగి, 1864లో మా బందరు ఇలాగే ఉప్పెనల్లో తుడిచిపెట్టుకుపోయినవే. సముద్రం పక్కన కాపురాలు చేసేవాళ్ళకి ఒకరి బాధ ఒకరికి వివరించి చెప్పక్కర్లేదు.

ఊరొచ్చిన మర్నాడే మావారు కైకలూరు వాళ్ళకి ఫోను చేసి, పిల్ల డిగ్రీ అయ్యేదాకా పెళ్ళి మాట ఎత్తమని మర్యాదగా చెప్పారు. వాళ్ళు అంతవరకు ఆగలేమన్నారు. మా ఆడపడుచు, "చేతికొచ్చిన సంబంధం వదులుకున్నారు" అని నెల రోజులు మాట్లాడలేదు. నాక్కూడా లోపల కాస్త భయంగానే ఉంది. కానీ అమ్మాయి బందరులోనే బీఎస్సీలో చేరింది. పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని బస్సెక్కుతుంటే అమ్మమ్మ వీధి అరుగు మీద కూర్చుని మలుపు తిరిగేదాకా చూస్తుంది.

మీరూ వెళ్ళాలనుకుంటే రైల్లో కాకినాడ దిగితే అక్కణ్ణించి యానాంకి బస్సులు దండిగా ఉన్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ బాధ ఉండదు. పులస కావాలంటే మాత్రం జులై, ఆగస్టుల్లోనే. దగ్గర్లోనే కోరంగి మడ అడవులు, ద్రాక్షారామం భీమేశ్వరాలయం ఉన్నాయి. రెండు రోజులు పెట్టుకుంటే అన్నీ చూడొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనీ వెంట తీసుకెళ్ళండి. దారిలో వాళ్ళ పెళ్ళి ఎప్పుడు, ఎలా జరిగిందో అడగండి. మనం అడగలేదనే చాలామంది చెప్పలేదు.