వరి పండని నేల

బాకో గురించి ముందుగా చెప్పాల్సింది, అది ఖరీదైన చోటు కాదని. బోర్నియో అనగానే మనవాళ్ళకి టూరు ప్యాకేజీలూ లక్షల లెక్కలూ గుర్తొస్తాయి. కానీ సరవాక్ రాజధాని కూచింగ్‌లో సిటీ బస్సెక్కి కూర్చుంటే గంటలో బాకో పల్లె రేవు దగ్గర దింపేస్తుంది. అక్కణ్ణించి పార్కుకి రోడ్డు లేదు, పడవే దిక్కు. పడవ నిండేదాకా ఓపిక పడితే ఛార్జీ నలుగురం పంచుకోవచ్చు. 2019 జూలైలో నేను వెళ్ళినప్పుడు విదేశీయులకి ప్రవేశ రుసుము 20 రింగిట్లు. మన డబ్బుల్లో 350 రూపాయలు కూడా కాదు. రాత్రికి పార్కు హాస్టల్లో ఒక మంచం. సంచీలో మరమరాలు, వేరుశెనగ అచ్చులు, మార్చుకోడానికి రెండు జతల బట్టలు.

కౌలాలంపూర్‌లో సెమినార్ ఉంది. అక్కడిదాకా టిక్కెట్టు నిర్వాహకులు ఇచ్చారు. అక్కణ్ణించి కూచింగ్‌కి విమానం, ఆ నాలుగు రోజుల తిండీ బసా నా సొంత ఖర్చు. ఆ డబ్బు ఎక్కడిదో చెప్పకుండా ఈ ప్రయాణం గురించి రాయడం కుదరదు. మూడేళ్ళపాటు నేనూ నా సహచరుడూ పిల్లల కోసం వైద్యం చేయించుకున్నాం. రెండుసార్లు విఫలమైంది. మూడోసారి కోసమని బ్యాంకులో విడిగా కొంత దాచాం. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం అక్కడే కూర్చుని, ఇక చాలనుకున్నాం. పెద్ద చర్చేమీ జరగలేదు. దాచిన డబ్బు మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని ముట్టుకోవాలంటే ఇద్దరికీ చెయ్యాడలేదు. చివరికి అందులోంచే నా ప్రయాణానికి తీశాను. అమ్మకి తెలిసి, "ఆ డబ్బుతో ఇంకొక్కసారి చూడొచ్చు కదే" అంది. కోపంగా కాదు, నెమ్మదిగానే అంది.

పడవ మడ అడవి అంచున పోతుంది. కోరింగ చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. అదే బురద, గాలి కోసం పైకి పొడుచుకొచ్చిన అవే వేళ్ళు. మొసళ్ళున్నాయి జాగ్రత్త అని రేవులో బోర్డు. ఆటు సమయం కావడంతో పడవ ఒడ్డుదాకా రాలేకపోయింది. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో నడిచాం. బోర్డు సంగతి అప్పుడెవరూ ఎత్తలేదు.

1957లో ఏర్పడిన ఈ పార్కు సరవాక్‌లో అన్నిటికంటే పాతది. విస్తీర్ణం 27 చదరపు కిలోమీటర్ల పైచిలుకే. అయినా సముద్రపు కొండచరియలు, మడ అడవి, వర్షారణ్యం, పైన బోడి పీఠభూమి, అన్నీ అందులోనే. క్యాంటీన్ చుట్టూ గడ్డం పందులు ఇంటి పెద్దల్లా తిరుగుతుంటాయి. నా వేరుశెనగ అచ్చులు మొదటి సాయంత్రమే కోతుల పాలయ్యాయి. అందరూ చూడ్డానికొచ్చే పొడుగుముక్కు కోతులు సాయంకాలం మడచెట్ల మీదికొస్తాయి. ఆకులు తిని అరిగించుకోవాలి కాబట్టి వాటికి పెద్ద పొట్టలు. మగవాటికి కూడా నెలలు నిండినట్టుండే పొట్టలు! పైగా ఆ ముక్కు. స్థానికులు వీటికి డచ్చివాళ్ళని పేరు పెట్టారట. వలస పాలన మీద ఇంత పొదుపైన విమర్శ నేనెక్కడా చదవలేదు.

రెండోరోజు పొద్దున్నే లింటాంగ్ బాట పట్టాను. మొదట వేళ్ళే మెట్లుగా ఎక్కుడు, చెమట, చీకటి. పైకి చేరేసరికి అడవి ఒక్కసారిగా మాయమైపోతుంది. తెల్లటి ఇసుక, బండరాయి, నడుం ఎత్తు పొదలు, మాడు మీద ఎండ. వర్షారణ్యం చూద్దామని వచ్చినవాళ్ళకి నిరాశే. ఇలాంటి నేలమీది అడవిని కెరంగాస్ అంటారు. ఇబాన్ భాషలో ఆ మాటకి అర్థం, అడవి నరికినా వరి పండని నేల అని.

ఆ అర్థం దగ్గర కాసేపు ఆగిపోయాను. ఒక నేలని అది ఇవ్వలేని దాన్నిబట్టి పిలవడం నాకు బాగా తెలిసిన వ్యవహారమే. ఈనని ఆవూ, కాయని చెట్టూ, కనని ఆడదీ, మూడింటికీ గొడ్డు అనే ఒకటే మాట మనకి. మేనకోడలి సీమంతానికి నన్ను పిలిచారు. గాజులు తొడిగేటప్పుడు మాత్రం ఎవరో నా చేతికి కెమెరా ఇచ్చారు. ఎంత మర్యాద!

కానీ బండమీద కూర్చుని ఆలోచిస్తే, ఆ రెండు మాటలూ ఒకటి కావనిపించింది. కెరంగాస్ అన్నది కొండవాలు నరికి వరి వేసుకు బతికేవాళ్ళ మాట. ఇక్కడ నరికి, కాల్చి, ఒళ్ళు హూనం చేసుకోవద్దని రైతు మరో రైతుకి చెప్పే మాట. అందులో నేలమీద నింద లేదు. గొడ్రాలు అన్న మాట ఆ ఆడమనిషి మేలు కోసం పుట్టింది కాదు. ఆమెని ఎక్కడ నిలబెట్టకూడదో మిగతావాళ్ళకి చెప్పడానికి పుట్టింది. ఆ మూడేళ్ళలో మాతో ఇక చాలన్న డాక్టరు ఒక్కరూ లేరు. ప్రతిసారీ ఇంకొక్కసారే. ఆ మాట మాకు మేమే చెప్పుకోవాల్సొచ్చింది.

స్త్రీనీ నేలనీ ఇలా పక్కపక్కన పెడుతున్నప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని నాకు తెలుసు. వందనా శివ 1988లో 'స్టేయింగ్ అలైవ్' రాస్తే, 1992లో బీనా అగర్వాల్ ఆ ధోరణిని ప్రశ్నించింది. ప్రకృతితో స్త్రీల సంబంధం పుట్టుకతో వచ్చేది కాదనీ, పని, ఆస్తి, కులం, వర్గం కలిసి నిర్ణయించేదనీ ఆమె వాదన. నేను బీనా వైపే. బాకో రేవులో చేపలు శుభ్రం చేస్తున్న ఆడవాళ్ళకీ, సెమినార్ టిక్కెట్టు మీద వచ్చిన నాకూ ఈ అడవి ఒకటి కాదు. నేను నేలని కాదు. నాకు కావాల్సింది ఆ పేరు ఒక్కటే.

ఆ ఇసుకలో పోషకాలు నిలవవు. అందుకే అక్కడి మొక్కల బతుకుతెరువులు వేరు. చీమల మొక్క కాండం ఉబ్బి, లోపల గదులు గదులుగా ఉంటుంది. చీమలు అందులో కాపురముంటాయి, అవి వదిలిన చెత్తే దానికి ఎరువు. నెపంథిస్‌లు ఆకుకొసన కూజాలు కట్టి పురుగుల్ని పట్టుకుంటాయి. ఒక రకం మాత్రం నేలమీద గుంపుగా పొట్టి కూజాలు పెట్టుకుని, మూతలు వెనక్కి వాల్చి, పైనుంచి రాలే ఎండుటాకుల్ని కూడా తింటుంది. దాని ముందు గొంతుక్కూచుని చాలాసేపు చూశాను. చీమ ఒకటి అంచున తిరిగి తిరిగి, లోపల పడకుండానే వెళ్ళిపోయింది.

ఇంగ్లండు చిత్రకారిణి మేరియాన్ నార్త్ 1876లో సరవాక్ వచ్చింది. ఇక్కడ గీసిన ఒక నెపంథిస్‌కి తర్వాత జోసెఫ్ హుకర్ ఆమె పేరే పెట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి ఆస్తి ఉంది, బ్రూక్ రాజావారి ఆతిథ్యం ఉంది. ఒంటరిగా ప్రపంచం తిరిగిందని మనం రాసుకునేటప్పుడు ఈ ఖర్చుల పద్దు కూడా రాస్తే బాగుంటుంది. ఆ మొక్కల్ని ఎప్పట్నుంచో ఎరిగినవాళ్ళ పేర్లు లాటిన్‌లోకి ఎక్కలేదు. మలయ్ భాషలో వీటిని కోతికుండ అంటారు.

ఆ కోతికుండల్లో అన్నం వండుతారని కూచింగ్ తిరిగొచ్చాకే తెలిసింది. జిగురుబియ్యం, కొబ్బరిపాలు, ఉప్పు. కూజా కడిగి, నింపి, ఆవిరి మీద పెట్టడమే. సంతలో ఒకామె దగ్గర నాలుగు కొన్నాను. కొంచెం పసరు వాసన, బాగానే ఉంది.

రాత్రి అమ్మ ఫోన్ చేసి, "ఏం చూశావే?" అంది. అడవి గురించి ఏం చెప్పాలో తోచక ఆ అన్నం సంగతి చెప్పాను. కొబ్బరిపాలు మొదటే పోస్తారా, తర్వాతా? బియ్యం నానబెడతారా? మొక్క చేదు కాదా? పదిహేను నిమిషాలు అడుగుతూనే ఉంది. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి పొద్దున్నే సంతకెళ్ళి కనుక్కుంటానన్నాను.