గాలికొండ దిగిన రోజు



శృంగవరపుకోట నుండి అరకు వెళ్లే ఘాట్ రోడ్డును మీలో చాలామంది బస్సులో వెళ్తూ చూసే ఉంటారు. కిరండూల్ రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అదే కొండల గుండా వెళ్లినవారూ ఉంటారు. నేను మాత్రం ఆ దారిలో సైకిలు మీద వెళుతుంటాను. "అయ్యగారికి ఈ వయసులో ఇదేం సరదా?" అని మా సంఘ పెద్దలు నవ్వుకుంటారు. నలభై రెండో ఏట డాక్టరుగారు నాకు షుగరు ఉందని చెప్పి, రోజూ ఒళ్లు అలసేలా ఏదైనా చేయమన్నారు. విశాఖపట్నంలో ఒకాయన వాడి మూల పెట్టిన గేర్ల సైకిలును తొమ్మిది వేలకు కొన్నాను. మందుగా మొదలైన పని రెండేళ్లలో మక్కువగా మారింది. మక్కువ వెంట ఖర్చు కూడా వస్తుందని మీకు వేరే చెప్పనక్కరలేదు.

కోట నుండి అరకు దాదాపు అరవై కిలోమీటర్లు. బొడ్డవర, కాశీపట్నం వరకు దారి సాఫీగానే ఉంటుంది. ఆ తరువాత ఎక్కుడు మొదలవుతుంది. టైడ, డముకు, అనంతగిరి మీదుగా మలుపు మీద మలుపు తిరుగుతూ గాలికొండ చేరాలి. రోడ్డు పక్కన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు కనబడతాయి. గాలికొండ నుండి సుంకరమెట్ట మీదుగా దిగితే, సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ వస్తుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుండి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

ఈ దారిలో వాతావరణాన్ని నమ్మడానికి వీలులేదు. బంగాళాఖాతం మీది నుండి వచ్చే తడిగాలి కొండలకు తగిలి పైకి లేస్తుంది. పైకి పోయినకొద్దీ చల్లబడి మబ్బవుతుంది, వానవుతుంది. కోటలో చొక్కా తడిసేంత ఎండ కాస్తుంటే టైడ దగ్గర మబ్బు, అనంతగిరిలో జల్లు, గాలికొండ మీద పది గజాల అవతల ఏముందో కనబడని మంచు ఒకే పూటలో చూశాను. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. తడిసిన ఒంటికి గాలి తగిలితే ఆ ఆరు డిగ్రీలు పదిహేనులా ఉంటాయి.

ఈ వానలకు తట్టుకోవాలని నేను కొన్న వస్తువుల కథ కాస్త చెప్పాలి. మొదట బజారులో దొరికే మామూలు రబ్బరు రెయిన్ కోటు 450 రూపాయలకు కొన్నాను. చినుకు లోపలికి రాలేదు గాని, చెమట బయటికి పోలేదు. అరగంట ఎక్కేసరికి బయట వానకు తడిసినంతగా లోపల చెమటకు తడిశాను. తరువాత తలమీదుగా వేసుకునే గొంగడిలాంటి ప్లాస్టిక్ పోంచో కొన్నాను. అందులోకి గాలి దూరి తెరచాపలా ఉబ్బి, ఒకసారి సైకిలుతో సహా నన్ను రోడ్డు అంచుకు తోసింది. దాన్ని మా తోటమాలికి ఇచ్చేశాను. ఆ మీదట బుర్ర మడ్‌గార్డుల మీదికి మళ్లింది. ఇది మాత్రం మంచి బేరమే. వెనక చక్రం ఎగజిమ్మే బురదనీరు నడుమును తడపకుండా ఆపితే సగం చలి ఆగుతుంది.

చివరకు 2022 ఆగస్టులో విశాఖలో ఒక పెద్ద షాపులో, నీటిని ఆపుతూనే ఒంటి ఆవిరిని బయటికి పోనిచ్చే కోటు చూశాను. ధర 4,200 రూపాయలు. చంకల కింద గాలి ఆడడానికి జిప్పులున్నాయి. వెనక భాగం నడుము కిందికి దిగి ఉంది. షాపులో అటూ ఇటూ మూడుసార్లు తిరిగి చివరకు కొనేశాను. ఇంటికి వచ్చాక మా ఆవిడ, "ఎంతయిందండీ?" అని అడిగింది. "పన్నెండు వందలు" అన్నాను. నోటి నుండి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ వచ్చే ఆదివారం నేను ప్రసంగపీఠం ఎక్కిన సంగతి కూడా మీతో దాచను.

అదే సంవత్సరం అక్టోబరులో మా అక్క కొడుకు నాతో అరకు వస్తానన్నాడు. పంతొమ్మిదేళ్లవాడు, డిగ్రీ రెండో సంవత్సరం. మా బావగారు పోయాక అక్కకు వాడొక్కడే. "తమ్ముడూ, వాడిని జాగ్రత్తగా తీసుకురా" అని గుమ్మం దాకా వచ్చి చెప్పింది. వాడు నూలు టీషర్టు, నిక్కరు వేసుకుని, భుజాన గుడ్డసంచి తగిలించుకుని బయలుదేరాడు. వానకోటు లేదు. నేను చూశాను. చూసి కూడా, కుర్రవాడు కదా, వేడినెత్తురు, ఏం ఫరవాలేదులే అనుకున్నాను. ఆ రాత్రి అరకులో ఒక పాస్టరుగారి ఇంట్లో దిగాము.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. సుంకరమెట్ట దాటి గాలికొండ ఎక్కుతుండగా ఇద్దరికీ చెమటలు పట్టాయి. పైకి చేరేసరికి మబ్బు కమ్మి వాన అందుకుంది. నేను నా కోటు తీసి తొడుక్కుని, మెడ దాకా జిప్పు లాగాను. వాడిని, "చలిగా ఉందా?" అని అడిగాను. "లేదు మావయ్యా" అన్నాడు. అదే నాకు కావలసిన జవాబు గనుక ఇంకేమీ అడగలేదు.

ఎక్కేటప్పుడు ఒళ్లు తానే వేడి పుట్టించుకుంటుంది. దిగేటప్పుడు కాళ్లకు పనిలేదు, గాలి మాత్రం గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. తడిసిన నూలుబట్ట నీటిని పట్టుకుని ఒంట్లోని వేడిని లాగేస్తుంది. అనంతగిరి దాటిన తరువాత ఒక మలుపులో వాడి సైకిలు రోడ్డు మధ్యకు పోవడం చూశాను. ఎదురుగా బస్సు ఎక్కివస్తోంది. "బ్రేకు పట్టరా!" అని అరిచాను. తడిసిన చక్రం మీద బ్రేకు రబ్బర్లు జారుతున్నాయి. అంతకన్నా వాడి వేళ్లు బిగిసిపోయి బ్రేకును నొక్కలేకపోతున్నాయి. దేవుని దయవలన డ్రైవరుగారు బస్సును పక్కకు తీసి ఆపారు. వాడు కొండవైపు కాలువలోకి దొర్లాడు. దెబ్బలు పెద్దగా తగలలేదు గాని, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "పేరు చెప్పరా" అంటే నాలుక మడతపడుతోంది.

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీలకు తగ్గితే ప్రాణాపాయమని, మాట తడబడటం, చేతులు పట్టు తప్పటం దానికి గుర్తులని నేను పుస్తకాల్లో చదివి ఉన్నాను. అది మంచుకొండల్లోనే జరుగుతుందనుకున్నాను. పదిహేను, పదహారు డిగ్రీల వేడిలో కూడా తడి, గాలి కలిస్తే చాలని ఆ రోజు తెలిసింది.

వాడిని నడిపించుకుంటూ డముకు దగ్గర ఒక టీ కొట్టుకు చేరాము. కొట్టావిడ మమ్మల్ని చూసి, "ముందు ఆ తడిబట్టలు ఇప్పించండి బాబూ" అంది. నేను అప్పటికే నా ఖరీదైన కోటును వాడి తడి టీషర్టు మీదనే కప్పాను. లోపల తడి ఉండగా పైన ఎంత మంచి కోటు కప్పినా చలి తగ్గదని ఆవిడకు తెలుసు, నాకు తెలియలేదు. వాడి గుడ్డసంచిలో బట్టలన్నీ నానిపోయాయి. నా సంచిలో అయిదు రూపాయల పాలిథిన్ కవరులో చుట్టి ఉంచిన బనియను, స్వెట్టరు మాత్రం పొడిగా ఉన్నాయి. అవి తొడిగి, ఆవిడ ఇచ్చిన దుప్పటి చుట్టి, పొయ్యికి కొద్ది దూరంలో కూర్చోబెట్టాము. చక్కెర ఎక్కువ వేసిన టీ రెండు గ్లాసులు తాగాక వాడి మాట తిన్నబడింది. ఇంతలో ఆవిడ భర్త పొలం నుండి వచ్చాడు. వెదురు పుల్లల నడుమ ఆకులు పరచి అల్లిన గిడుగు తలమీద ఉంది. ఆయన వీపు మీద ఒక్క చుక్క తడి లేదు. రెండేళ్లుగా షాపుల వెంట తిరిగి నేను వెతుకుతున్నది ఆయన తన చేతులతోనే అల్లుకున్నాడు.

వాన తగ్గాక బయలుదేరాము. కొట్టావిడ ఇచ్చిన పాత వార్తాపత్రికలు వాడి ఛాతీ మీద, బనియనుకూ స్వెట్టరుకూ మధ్య పరచి, పైన నా కోటు తొడిగాను. కాగితం గాలిని బాగా ఆపుతుంది. నేను యూరియా సంచికి తలకూ చేతులకూ కన్నాలు చేసుకుని తొడుక్కున్నాను. ప్రతి మలుపులో ఆగుతూ, ఎక్కువ దూరం నడుస్తూ, చీకటి పడ్డాక కోట చేరాము.

అక్కకు జరిగినదంతా చెప్పాను. ఆమె కొడుకు తల నిమురుతూ ఊరుకుంది. ఏమైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. ఇంటికి వచ్చి, యూరియా సంచి విప్పకుండానే మా ఆవిడతో, "ఆ కోటు పన్నెండు వందలు కాదు, నాలుగువేల రెండువందలు" అన్నాను. ఆమె ధర గురించి ఏమీ అనలేదు. కొంతసేపటికి, "మరి పిల్లాడికి ఏం కొన్నారు?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

వారం తిరగకముందే వాడికి త్వరగా ఆరే టీషర్టు, గాలి దూరని పలుచని కోటు, చేతి తొడుగులు కొన్నాను. అన్నీ కలిపి పదకొండు వందలయింది. ఆ బిల్లు మా ఆవిడ చేతికే ఇచ్చాను.

మీ ఇళ్లలో పిల్లలు కొండదారిన సైకిలు మీద, మోటారు సైకిలు మీద వెళ్లేవారుంటే ఈ నాలుగు మాటలు చెప్పండి. నూలుబట్ట తడిస్తే శత్రువవుతుంది. ఒక జత పొడిబట్టలు పాలిథిన్ కవరులో గట్టిగా కట్టి ఉంచుకోవాలి. దిగుడు మొదలు కాకముందే ఆగి కోటు తొడుక్కోవాలి, చలి వేశాక కాదు. వానలో బ్రేకు ముందుగా, కొద్దికొద్దిగా నొక్కుతూ రావాలి. ఉరిమితే చెట్టు కిందకు పోకూడదు, పక్కా ఇంట్లోకి పోవాలి.

ఇప్పటికీ వీలు దొరికినప్పుడల్లా నేనూ, మా మేనల్లుడూ గాలికొండ ఎక్కుతున్నాము. బయలుదేరే ముందు మునుపు నా సంచి ఒక్కటే సర్దుకునేవాడిని. ఇప్పుడు ముందుగా వాడి సంచి విప్పించి చూస్తాను. "అన్నీ ఉన్నాయి మావయ్యా" అని వాడు విసుక్కుంటాడు. అయినా చూస్తాను.