పొగ, పంపు, కోడి ఈక

తుర్కయాంజాల్‌లో దోమలు ఎక్కడికీ పోలేదు. వాటి మీదికి మనం ఎత్తిన ఆయుధాలే ఒక్కొక్కటిగా మాయమైపోయాయి. సాగర్ రోడ్డుకు రెండు వైపులా వెంచర్లు పడి, పొలాల్లో హద్దురాళ్ళు లేచి, ఊరు పట్నంలో కలిసిపోయింది. ఇప్పుడు దోమల మందు అంటే ప్లగ్గులో పెట్టే సీసా, కాకపోతే చిటపటమనే బ్యాటు. మా ఇంటి పిల్లలకు అంతకు మించి తెలియదు. మాసబ్ చెరువు కింద వరి కనబడే రోజుల్లో పొద్దుగూకిందంటే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఈ పని మీదే ఉండేవాళ్ళు. ఆ పనిముట్లను ఏ ఇంట్లోనూ దాచిపెట్టలేదు. దాచేంత విలువైనవని ఎవరూ అనుకోలేదు. నాకు మాత్రం వాటి మీద బెంగగానే ఉంది.

అన్నిటికంటే ముందుది పొగ. పసులు ఇల్లు చేరే వేళకు నాయినమ్మ కొట్టం ముందర పగిలిన కుండ పెంకులో పిడక నిప్పు వేసేది. మంట లేవనిచ్చేది కాదు. మంట లేస్తే పొగ పోతుంది. నిప్పు మీద పిడికెడు ఊక చల్లి, దాని మీద పచ్చి వాయిలాకు, యాపాకు కలిపి కప్పేది. కింది ఆకు కాలుతుంటే పై ఆకు చెమర్చేది. కాసేపటికి తెల్లటి చిక్కటి పొగ నేలబారున పాకుతూ ఎడ్ల కాళ్ళ మధ్యకు చేరేది. గాలి ఎటు తిరిగితే అటు పెంకును కర్రతో జరిపేది. ముందు పొగ కొట్టానికి, తర్వాతే అర్రలకు. ఎందుకట్ల అని అడిగితే, "మనకు చేతులున్నయి బిడ్డా, కొట్టుకుంటం. గొడ్డుకేమున్నది, తోక తప్ప?" అనేది.

పగలైతే జోరీగలు. జోరీగ కుట్టిన చోట నెత్తురు బొట్టు నిలుస్తుంది. బర్రె ఒళ్ళు జలదరించి, తలుగు తెంపుకునేంత పని చేస్తుంది. వాటికి కానుగ నూనె. పాత గుడ్డను నూనెలో ముంచి మెడ కింద, పొదుగు చుట్టూ, చెవుల వెనక రాసేవాళ్ళు. కానుగ నూనె వాసన మనిషికే తల తిప్పుతుంది, ఈగకు చెప్పనక్కర్లేదు. కాల్వ గట్టు మీద వాయిలి పొదలు, బావి దగ్గర కానుగ చెట్టు ఉన్నన్ని రోజులు ఈ మందుకు ఎవరూ పైసా ఖర్చు పెట్టలేదు. గట్టూ పోయింది, పొదలూ పోయాయి.

పొగను నేను ఆకాశానికెత్తను. ఏళ్ళ తరబడి అది మింగిన నాయినమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా నీళ్ళు కారుతూనే ఉండేవి. దోమ కూడా పొగ ఉన్నంతసేపే దూరంగా ఉండి, నిప్పు చల్లారగానే వచ్చేది. మలేరియా మోసే దోమ కుట్టేది రాత్రిపూట, మనం ఒళ్ళు మరిచి నిద్రపోయే గంటల్లో. సాయంత్రం పెట్టిన పొగ ఆ వేళకు మిగిలేది కాదు.

దోమను పట్టడానికి మాకు ఒక ఉపాయం ఉండేది. పాత చాట వెనకవైపు ఆముదం పలచగా పూస్తాం. పొద్దు వాలేటప్పుడు వాకిట్లో నిలబడితే తల మీద దోమల గుంపు గుయ్యిమంటూ మూగుతుంది కదా, ఆ గుంపులోకి చాటను అడ్డంగా విసురుతాం. విసిరిన ప్రతిసారీ అంటుకున్నవి కనబడతాయి. నిండినాక బూడిద చల్లి, గీకి, మళ్ళీ ఆముదం. మా వాడ పిల్లలకు ఇది పోటీ. ఎవరి చాట ముందు నల్లబడితే వాళ్ళు గెలిచినట్టు. అట్లా తల మీద గుంపు కట్టేవి ఎక్కువగా మగ దోమలని, మగది నెత్తురు తాగదని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అయినా ఆ పని వ్యర్థం అనిపించలేదు. జత కోసం ఆడ దోమ వచ్చేది ఆ గుంపులోకే. పైగా ఏ మందూ లేకుండా, ఏ వాసనా లేకుండా పట్టే బోను అదొక్కటే.

నల్లుల సంగతి వేరు. వాటితో యుద్ధం రోజూ ఉండేది కాదు, ఏడాదికోసారి పెద్దగా జరిగేది. ఎండాకాలం నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఇంట్లో ఉన్న మంచాలన్నీ వాకిట్లోకి వచ్చేవి. నులక సందుల్లో, పట్టె కోడుకు దిగే చోట, ఆ చీలికలో పొద్దంతా దాక్కుని, తెల్లవారుజామున మనిషి ఒంటి వేడికి, ఊపిరికి బయటికొచ్చే ప్రాణి నల్లి. చీలిక ఎంత సన్నగా ఉంటే దానికి అంత హాయి. అందుకని ముందు మంచాన్ని నిలువుగా ఎత్తి ఒక్కో కోడును బండ మీద కొట్టేవాళ్ళు. రాలినవాటిని చెప్పుతో నలిపేవాళ్ళు. ఆ వాసన తెలిసినవాళ్ళకు చెప్పనవసరం లేదు, తెలియనివాళ్ళకు చెప్పలేను. తర్వాత గుండిగలో సలసల కాగిన నీళ్ళు చెంబుతో సందుల్లో పోసేవాళ్ళు. ఎండినాక గ్యాస్‌నూనె.

గ్యాస్‌నూనె అప్పుడు రేషన్. కందిళ్ళకే చాలదు, మంచాల మీద ధారపోయడానికి ఎక్కడిది? దానికి మా నాయిన వాడింది కోడి ఈక. రెక్క ఈక, గట్టి కాడ ఉన్నది ఏరుకుని, కొసన ఒకటి రెండు అంగుళాలు మాత్రం కుచ్చు ఉంచి మిగతాది దూసేసేవాడు. ఆ కొసను గిన్నెలో తడిపి పట్టె సందులోకి తోసి తిప్పితే కుచ్చు విచ్చుకుని లోపలి గోడలన్నిటికీ నూనె పూసేది. కుంచె దూరని చోట ఈక దూరేది. నల్లి గుడ్లు చీలిక లోపల అతుక్కుని ఉంటాయి. పైన ఎంత కడిగినా అవి పోవు, ఈక అక్కడిదాకా వెళ్ళేది. ఒక చిన్న గిన్నెడు నూనెతో నాలుగు మంచాలు అయ్యేవి. ఇంత చవకైన, ఇంత తెలివైన పనిముట్టు నేను ఆ తర్వాత ఏ దుకాణంలోనూ చూడలేదు.

నల్లుల కోసమే తూర్పు యూరప్‌లో, బాల్కన్ ప్రాంతంలో, రాత్రిపూట మంచాల చుట్టూ చిక్కుడు జాతి ఆకులు పరిచేవాళ్ళట. ఆ ఆకుల మీద కంటికి కనబడని కొక్కేల్లాంటి నూగు ఉంటుంది. నల్లి దాని మీద నడిస్తే కాలికి ఆ కొక్కెం దిగబడి కదలలేక ఆగిపోతుంది. పొద్దున్నే ఆకులు ఊడ్చి కాల్చేస్తారు. 2013లో అమెరికా శాస్త్రవేత్తలు ఆ ఆకును సూక్ష్మదర్శిని కింద చూసి, అట్లాంటి నూగును కృత్రిమంగా చేయబోయారు. ఆకారం అచ్చు దిగింది కానీ ఆకు పట్టినట్టు అది పట్టలేదు. ఈ సంగతి చదివిన రోజు నాకు నాయిన ఈక గుర్తొచ్చి గర్వంగా అనిపించింది.

తలలో పేలకు ఈర్పెన. రెండు వైపులా సన్నటి పళ్ళున్న కట్టె ఈర్పెన, తెల్లగుడ్డ పరిచి దాని మీద తల వంచి దువ్వించుకోవడం, సీతాఫలం గింజల పొడి నూనెలో కలిపి పట్టిస్తే కళ్ళలో పడకుండా గుడ్డ కట్టుకోవడం, ఇవన్నీ ఆదివారం మధ్యాహ్నాలు.

ఇక సర్కారు మందు. మా ఊరికి డీడీటీ కొట్టేవాళ్ళు ఖాకీ బట్టల్లో, సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. ముందురోజే చాటింపు. ఇంట్లో సామానంతా, గింజల కాగులు, నీళ్ళ బిందెలు, దేవుడి పటాలు, అన్నీ బయటికి. బకెట్‌లో తెల్లటి పొడి కలిపిన నీళ్ళు. దాంట్లో నిలబెట్టిన పంపును ఒకతను కాలితో తొక్కిపట్టి పైకీ కిందికీ ఆడిస్తే, పొడవాటి రబ్బరు గొట్టం చివర ఇంకొకతను గోడ మీద పై నుంచి కిందికి పట్టీలు పట్టీలుగా కొట్టుకుంటూ పోయేవాడు. లెక్క ప్రకారం చదరపు మీటరు గోడకు ఒక గ్రాము మందు. నెత్తురు తాగి బరువెక్కిన దోమ గోడ మీద వాలి సేద తీరుతుంది, అక్కడే చావాలి. పని అయినాక దర్వాజ మీద తారీఖు వేసి పోయేవాళ్ళు. జ్వరమున్నవాళ్ళ వేలు పొడిచి గాజుపలక మీద నెత్తురు బొట్టు రాసుకుని, క్లోరోక్విన్ మాత్రలు చేతిలో పెట్టేవాళ్ళు. ఆ చేదు ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

దీని వెనక ఎంత పెద్ద కథ ఉందో అప్పుడు మాకు తెలియదు. డీడీటీకి పురుగును చంపే గుణం ఉందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చే నాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. అరవైల మధ్యకు కేసులు లక్షకు దిగాయి. ఇంకేముంది, అయిపోయిందనుకున్నారు. 1976లో మళ్ళీ 64 లక్షలు దాటాయి. దోమ ఆ మందుకు అలవాటు పడింది. అంతకంటే ముందు నల్లి అలవాటు పడింది, మా ఇళ్ళల్లో అసలు చిక్కు అక్కడే వచ్చింది. మా ఆడవాళ్ళు డీడీటీని ఆదరించింది దోమ కోసం కాదు, నల్లి కోసం. మొదట్లో మందు కొట్టిన రాత్రి నల్లులు కుప్పలుగా రాలేవట. తర్వాత తర్వాత మందు కొట్టినా నల్లులు చావకపోగా, సందుల్లోంచి బయటపడి ఇంకా ఎక్కువ కుట్టేవి. అప్పట్నుంచి, "మా ఇంట్ల వద్దు అన్నా, పక్కింట్ల కొట్టుకోపో" అనడం మొదలైంది. కొట్టించుకున్నవాళ్ళు కూడా తెల్ల మరకలు చూడలేక పండగకు ముందు ఎర్రమట్టితో గోడ అలికేవాళ్ళు. మందంతా అలుకు కిందికి పోయేది. వాళ్ళను తప్పు పట్టను. ఆ గోడ వాళ్ళది, ఏటా చేతులారా నునుపు చేసుకున్నది.

ఇదంతా మొదలైన చోటు మాకు ఎంత దగ్గరో తలచుకుంటే ఆశ్చర్యం. బేగంపేటలో ఉన్న ఒక పాత భవనంలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపు కోసి అందులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలకు తన ఒంటి నెత్తురు తాగనిచ్చినవాడు హుస్సేన్ ఖాన్ అనే రోగి. దోమకో అణా ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా జరుపుకుంటుంది. నా దృష్టిలో ఆ రోజు తలచుకోవలసిన పేర్లు రెండు.

ఫ్లిట్టు పంపు మా వాడలో ఒక్క సారు వాళ్ళింట్లోనే ఉండేది. రేకు గొట్టం, కట్టె పిడి, ముందు కింద వేలాడే గుండ్రటి డబ్బా. పిడి తోస్తే గొట్టంలోంచి గాలి దూసుకొచ్చి డబ్బాలోని సన్నటి గొట్టం మూతి మీదుగా పోతుంది. ఆ వేగానికి మందు పైకి లేచి తుంపరై చిమ్ముతుంది. ఫ్లిట్ అనే మందును అమెరికాలో చమురు కంపెనీ 1923లో అమ్మకానికి పెట్టింది. ఆ మందు పోయినా పేరు పంపుకు అంటుకుని మా దాకా వచ్చింది. సారు వాళ్ళింట్లో పెళ్ళో పురుడో ఉంటే పంపు వాడంతా తిరిగేది. తెచ్చుకున్నవాళ్ళు డబ్బా కడిగి, వాషరుకు కొబ్బరినూనె చుక్క వేసి తిరిగి ఇచ్చేవాళ్ళు. అది మర్యాద.

దోమతెర మాత్రం బాలింతకే. అందరికీ తెర కట్టే స్తోమత ఎవరికుంది? నైలు నది ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు పగలు చేపలకు వేసిన వలనే రాత్రి మంచం చుట్టూ కట్టుకునేవాళ్ళని రెండున్నర వేల ఏళ్ళ కింద హెరొడోటస్ రాశాడు. ఆ కష్టం మాకు అర్థమవుతుంది.

దోమల చుట్ట వచ్చాక పొగ పెంకు మూలబడింది. జపాన్‌లో ఉయెయామా ఎయిచిరో 1890లో చామంతి జాతి పూల పొడితో దోమల బత్తి చేశాడు. అది నలభై నిమిషాలకే కాలిపోయేది. చుట్టగా చుడితే రాత్రంతా వస్తుందని చెప్పింది ఆయన భార్య యుకి. మా ఇంట్లో ఆ ఆకుపచ్చ చుట్టలు రెండు ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉండేవి. విరగకుండా విడదీయడం ఒక విద్య. మధ్యలో వేలు పెట్టి కొద్దిగా ఎత్తి, బయటి కొస నుంచి మెల్లగా తిప్పుతూ రావాలి. తొందరపడితే పుటుక్కున విరిగేది. విరిగిన ముక్కలను అమ్మ పారేయనిచ్చేది కాదు, గుండు సూదికి గుచ్చి వెలిగించేది. ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో ఒక పరిశోధన చెప్పింది. తలుపులు మూసిన చిన్న అర్రలో పిల్లలందరం దాని పక్కనే పడుకున్నాం. నాయినమ్మ పొగ కనీసం ఎక్కువసేపు వాకిట్లో ఉండేది.

ఎనభైల చివర నీలం బిళ్ళ వచ్చింది. ఎర్ర లైటు వెలిగే చిన్న మిషనులో పెడితే పొద్దుటికి తెల్లబడేది. కరెంటు పోయిన రాత్రి మళ్ళీ చుట్టే దిక్కు.

నల్లులు మాత్రం తిరిగొచ్చాయి. చాలా దేశాల్లో వచ్చాయి, మన హాస్టళ్ళలోకీ వచ్చాయి. ఆ మధ్య మా చెల్లెలి కొడుకు ఉంటున్న గదికి పురుగుల మందు కొట్టే కుర్రాడొకడు వచ్చాడు. చేతిలో ఆవిరి మిషను. మందులు పని చేయడం లేదు సార్, వేడికైతే పెద్దవీ గుడ్లూ అన్నీ చస్తయి అన్నాడు. పరుపు కుట్ల వెంబడి, గోడ అంచు వెంబడి ఆవిరి పట్టుకుంటూ పోతున్నాడు. నాకు గుండిగ, చెంబు కళ్ళ ముందుకొచ్చాయి. దగ్గరకు పోయి మంచం ఒకవైపు ఎత్తిపట్టుకున్నాను.

"ఈ కాలు పట్టెలకు దిగిన కాడ పెట్టు నాయినా, గుడ్లన్నీ గా సందులనే ఉంటయి. గొట్టం దూరకపోతే చెప్పు, కోడి ఈక తెప్పిస్త."