రెండు చిన్న గుర్తులు

పోయిన సంచికలో నేను రాసిన గండికోట కథ చదివారు కదా. అందులో ఒక తప్పు ఉంది. అక్షరదోషం కాదు, అంతకంటే పెద్దది.

జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి చూశాక పెన్నా లోయ దగ్గరికి పోయాం. వద్దన్నా వినకుండా మాలో ఒకడు అంచునున్న బండ ఎక్కాడు. ఎవడని సారు గద్దించారు. అక్కడ నా స్నేహితుని గురించి ఇలా రాశాను:

వాడు నేను ఎక్కాను అన్నాడు.

చదివినోళ్లంతా వాడు నా మీద చాడీ చెప్పాడనుకున్నారు. "చాడీకోరు" అని ఏడిపించారు. రెండు రోజులు వాడు మెస్‌లో నా పక్కన కూచోలేదు. నిజానికి ఎక్కింది నేనే. నాకు పడే దెబ్బలు తను తినడానికి వాడన్న మాట అది. ఇలా రాయాల్సింది:

వాడు, "నేను ఎక్కాను" అన్నాడు.

తాటాకు పుస్తకాల్లో ఈ గుర్తులు లేవు. 'అని' అనే మాటే ఆ పని చేసేది. అచ్చు పుస్తకాలతో ఇవి మనకు అలవాటయ్యాయి. మాటకు ముందు కామా, మాట చుట్టూ కొటేషన్లు పెట్టాలి. మాట ప్రశ్న అయితే ప్రశ్నగుర్తు లోపలే ఉండాలి. ఇంకొకరు మాట్లాడితే కొత్త వరుస. గుర్తులు వద్దనుకుంటే, తాను ఎక్కానని చెప్పాడు అని రాయాలి.

నిన్న వార్డెన్ సారు దగ్గర పాత సంచిక అడిగి తీసుకుని, ఎర్రసిరాతో గుర్తులు పెట్టాను. వాడు చూశాడు.

"ఎక్కింది నువ్వేనని సారుకు తెలిసిపోతుంది కదరా?" అన్నాడు.

"తెలియనీరా" అన్నాను.