తాళంకప్పల వీధులు

మొన్న మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళికి కోయంబత్తూరు వెళ్ళవలసి వచ్చింది. పెళ్ళి పీలమేడులో. పెళ్ళివారి సందడి మొదలుకాకముందే, తెల్లవారుజామున అలవాటు ప్రకారం నడకకు బయలుదేరాను. ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో పనిచేసినవాడికి ఒక దురలవాటు అబ్బుతుంది. ఏ ఇల్లు కనబడినా దాని విలువెంత, పత్రాలు ఎవరి పేరున ఉన్నాయి అని మనసులో లెక్కలు వేస్తాడు. ఆరోజు మాత్రం నేను తాళంకప్పలు లెక్కపెట్టాను. రెండు వీధుల్లో తొమ్మిది!

పీలమేడు, ఆవారంపాళయం, గణపతి, ఉప్పిలిపాళయం ఒకప్పుడు పల్లెలు. మన నాయుళ్ళు తరతరాలుగా సేద్యం చేసుకున్న ఊళ్ళు. ఇప్పుడన్నీ నగరంలో కలిసిపోయాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పత్తి పండించిన కుటుంబాలే తరువాత మిల్లులు పెట్టాయి. 1932లో పైకారా జలవిద్యుత్తు రావడంతో మిల్లులు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. వాటితోపాటే 'లైను ఇళ్ళు' కూడా వచ్చాయి. వరసగా వాటాలు, ఒక్కో వాటాకు ఒక గది, ఒక వంటిల్లు, అందరికీ కలిపి ఒక బావి. పెరట్లో కాస్త జాగా ఉన్న ప్రతివాడూ నాలుగు వాటాలు వేసి మిల్లు పనివాళ్ళకు బాడుగకు ఇచ్చేవాడు. గొప్ప వసతి అని చెప్పను గానీ, పనిచేసే చోటికి నడిచి వెళ్ళేంత దూరంలో తల దాచుకోవడానికి చోటు దొరికేది.

ఇప్పుడు చాలా మిల్లులు మూతబడ్డాయి. పిల్లలు అమెరికాలోనో, బెంగుళూరులోనో ఉన్నారు. పెద్దవాళ్ళు పోయాక ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మరి ఇళ్ళు లేనివాళ్ళో? చెరువుగట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్ళను కీరణత్తం, మలుమిచ్చంపట్టి వంటి చోట్ల కట్టిన అపార్టుమెంట్లకు పంపారు. కట్టింది 1970లో ఏర్పడిన గుడిసెల నిర్మూలన బోర్డు. దానికి 2021లో నగర నివాసాభివృద్ధి బోర్డు అని పేరు మార్చారు. ఇల్లు దొరికినమాట నిజమే. కాని పాచిపని చేసుకునే ఆడమనిషికి పని ఊళ్ళో, ఇల్లు ఊరవతల.

పెళ్ళికి డబ్లిన్ నుంచి వచ్చిన మేనల్లుడితో ఈ మాట అంటే నవ్వాడు. "మామయ్యా, మా పక్కింటిని కౌన్సిలే లీజుకు తీసుకుంది తెలుసా?" అన్నాడు. ఐర్లండులో 2009 నుంచి స్థానిక కౌన్సిళ్ళు ఈ పద్ధతి నడిపాయట. ఖాళీ ఇంటిని యజమాని దగ్గర ఏళ్ళ తరబడి లీజుకు తీసుకుంటారు. మార్కెట్టు బాడుగకన్నా కాస్త తక్కువ ఇస్తారు. కాని మనుషులున్నా లేకున్నా నెలనెలా ఇస్తారు. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకుని జాబితాలో ఉన్న కుటుంబాన్ని అందులో పెడతారు. ఆ కుటుంబం తన రాబడిని బట్టి కౌన్సిలుకు బాడుగ కడుతుంది. గడువు తీరాక ఇల్లు యజమానికి తిరిగి అప్పగిస్తారు. లండన్ కౌన్సిళ్ళలోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది.

లెక్కలవాణ్ణి కనుక ఇందులో లోపం కూడా చెప్పాలి. ఇరవయ్యేళ్ళు బాడుగ కట్టినా కౌన్సిలుకు చివరికి ఇటుకరాయి కూడా మిగలదు. అందుకే 2021లో అక్కడి ప్రభుత్వం సొంతంగా కట్టడమే మేలని, దీర్ఘకాలపు లీజులను తగ్గించుకుంటూ పోవాలని నిర్ణయించింది. అయినా అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. యజమానికీ, అద్దెకున్నవాడికీ మధ్య ఉండే భయాన్ని మూడో మనిషి తన నెత్తిన వేసుకున్నాడు.

మన దగ్గర మూడో మనిషి లేకపోలేదు. 1960 నాటి మద్రాసు బాడుగ నియంత్రణ చట్టం ప్రకారం ఇల్లు ఖాళీ అయితే యజమాని అధికారికి తెలియజేయాలి. సర్కారు కావాలంటే ఆ ఇంటిని తన ఉద్యోగులకోసం తీసుకునేది. అదే చట్టం కింద బాడుగ పెంచడమూ కష్టం, ఖాళీ చేయించడమూ కష్టం. 2019 ఫిబ్రవరిలో కొత్త చట్టం అమలులోకి వచ్చి పాతది పోయింది. ఇప్పుడు ఒప్పందం కాగితం మీద రాసుకుని నమోదు చేయించాలి. 2020లో కేంద్రం తెచ్చిన అద్దె ఇళ్ళ పథకం కూడా ఉంది. అది సర్కారు కట్టి ఖాళీగా ఉంచిన ఇళ్ళకూ, కొత్తగా కట్టే సముదాయాలకూ పనికొస్తుంది. మన వీధిలో తాళంకప్ప వేసిన ఇంటిదాకా రాదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్ళు 1 కోటి 10 లక్షలకు పైగా తేలాయి. అందులో మాదీ ఒకటి చేరిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. 2011లో అమ్మ ఉంది. ఇప్పుడు లేదు.

పెళ్ళి అయ్యాక ఆ ఇల్లు చూడడానికే మదురై వెళ్ళాను. పొల్లాచ్చి, ఉడుమలపేట, పళని, దిండుగల్లు మీదుగా బస్సు. ఆ దారి పొడుగునా తెలుగు వినిపించే పల్లెలు ఎన్నో. మదురైలో మా ఇల్లు తిరుమల నాయకుని మహలుకు నడకదూరంలో ఒక సన్నని సందులో ఉంది. ఆ మహలు 1636లో కట్టింది. చుట్టూ సౌరాష్ట్ర కుటుంబాలు, నడుమ మనవాళ్ళవి కొన్ని ఇళ్ళు. అరుగు మీద దుమ్ము, తలుపు పక్కన రావిమొక్క. లోపల అమ్మ పెట్టెలు, నాన్న కుర్చీ.

తాళంచెవి ఎదురింటి అత్త దగ్గర ఉంటుంది. ఆమెకు ఎనభై దాటాయి. "ఏమప్పా, ఇల్లు ఉంటే చాలునా? పొద్దు గూకితే దీపం పెట్టేవాళ్ళు ఉండొద్దా?" అంది. ఆమె వెనకాలే పూలు కట్టే ఆవిడ నిలబడి ఉంది. మన తెలుగు మనిషే. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఉన్న ఇల్లు అమ్ముడుపోతోంది. గుడి వాకిట్లో పూల వ్యాపారం కనుక దూరం పోలేదు. "అన్నా, ఎక్కడ అడిగినా ఒత్తికి మూడు లక్షలు అంటున్నారు" అంది.

ఒత్తి అంటే తెలియనివారికి చెబుతాను. మదురైలో ఇది బాగా వాడుక. మన భోగ్యమే. మొత్తం డబ్బు ముందే ఇవ్వాలి, నెల బాడుగ ఉండదు, గడువు తీరాక డబ్బు తిరిగి ఇవ్వాలి. మూడు లక్షలకు నూటికి ఏడు వడ్డీ వేస్తే నెలకు 1,750 రూపాయలు. చూడడానికి చౌకే. కాని ఆ మూడు లక్షలు తెచ్చేది ఎక్కడనుంచి? నగలు కుదువపెట్టో, అధిక వడ్డీకి అప్పు చేసో. పైగా పత్రం నమోదు చేయించరు. లోపల ఒత్తివాళ్ళు ఉండగానే ఇంటి మీద అప్పుకు వచ్చిన యజమానులను నా ఉద్యోగంలో చూశాను. యజమాని దివాలా తీస్తే ముందు మునిగేది ఒత్తి ఇచ్చినవాళ్ళే.

అన్నీ తెలిసిన నేను ఆరోజు ఆమెకు "ఆలోచించి చెబుతానమ్మా" అన్నాను. కారణం ఉంది. నాన్నగారి కాలంలో ముందు వాటాలో ఉన్నవారు నెలకు తొంభై రూపాయలు ఇస్తూ పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిప్పారు. "ఇల్లు బాడుగకు ఇవ్వకండిరా" అన్నది ఆయన చివరి రోజుల్లో మాకు చెప్పిన మాటల్లో ఒకటి. ఆ రాత్రి తమ్ముడికి ఫోను చేస్తే వాడూ అదే గుర్తుచేశాడు.

నిద్ర పట్టలేదు. పీలమేడులో విన్న సంగతి మనసులో మెదిలింది. పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుటుంబంలో ఆస్తిని అయిదు భాగాలు చేసి, నలుగురు అన్నదమ్ములూ నాలుగు తీసుకుని, అయిదో భాగం ధర్మానికి ఉంచారని చెబుతారు. ఆ ధర్మసంస్థ 1926లో ఏర్పడింది. అంత ఆస్తి మాకు లేదు, అంత మనసూ లేదు. ఆమె మమ్మల్ని ధర్మం అడగలేదు. బాడుగ ఇస్తానంది. మేము ఇవ్వవలసింది నమ్మకం ఒక్కటే.

మర్నాడు తమ్ముణ్ణి ఒప్పించాను. ఏడాదికి ఒప్పందం, కాగితం మీద రాసి నమోదు చేయించాం. రెండు నెలల అడ్వాన్సు, ఒత్తి లేదు. అమ్మ పెట్టెలు వెనక గదిలో పెట్టి ఆ ఒక్క గదికే తాళం వేశాం. "ఏడాది చూద్దాం" అన్నాడు తమ్ముడు. సరే అన్నాను.

ఇది చదివే చాలామందికి ఇటువంటి ఊళ్ళలో ఇటువంటి ఇళ్ళు ఉండే ఉంటాయి. కౌన్సిలు వచ్చి హామీ ఇచ్చే రోజు ఎప్పుడు వస్తుందో గానీ, మన సంఘాలు ఒక చిన్న పని చేయవచ్చు. ఖాళీ ఇళ్ళకు ఒక పుస్తకం, ఇల్లు కావలసినవారికి ఒక పుస్తకం పెట్టి, ఒప్పందం దగ్గర సాక్షిగా నిలబడితే చాలు. మూడో మనిషి అంటే సర్కారే కానక్కరలేదు.

నేను బయలుదేరేటప్పుడు ఎదురింటి అత్త అరుగు మీద కూర్చుని ఉంది. మా గుమ్మానికి పూలావిడ మల్లెదండ కట్టింది. దీపం మాట అత్త మళ్ళీ ఎత్తలేదు.