మళ్లీ పెట్టె సర్దుకుంటున్నాం



వచ్చే నెలలో మేమిద్దరం మారిషస్ వెళ్తున్నాం. రెండేళ్ల పాటు అక్కడి తెలుగు పిల్లలకు సాయంత్రం బడిలో అక్షరాలు నేర్పాలి. స్వచ్ఛందంగా చేసే పని కాబట్టి జీతం లేదు. తిండి, బస, చేతి ఖర్చులకు కొంత ఇస్తారు. సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ అడిగితే ఈ సంగతులే రాద్దామనుకున్నాం.

ఇల్లు వదలడం హాస్టల్ పిల్లలకు కొత్త కాదు. ఒకరం పామర్రు దగ్గర పల్లె నుంచి, ఒకరం అవనిగడ్డ వైపు నుంచి అయిదో తరగతిలో ట్రంకు పెట్టెలతో బెజవాడ బస్టాండులో దిగాం. మొదటి రాత్రి ఇద్దరం ఏడుస్తుంటే పదో తరగతి అక్క ఒకామె మా మధ్య పడుకుని మూడో ఎక్కం చెప్పించింది. మూడేడ్లు ఇరవై ఒకటి దాటకముందే నిద్రపోయాం. ఆ తర్వాత మేమూ చిన్నపిల్లలకు స్టడీ అవర్లో అలాగే చెప్పాం. పాఠం చెప్పడం మాకు అక్కడే అలవాటయింది.

అయినా ఈసారి ఇంట్లో ఒప్పించడం కష్టమైంది. రెండు ఇళ్లలోనూ డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేమే. నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ. అయ్యాక ఏడాది ప్రైవేటు స్కూళ్లలో చెప్పాం. ఆ జీతం మీద రెండు ఇళ్లూ ఆశ పెట్టుకున్నాయి. పామర్రు అమ్మ నాట్లకు, మినుము తీతకు వెళ్తుంది. విషయం చెప్పగానే, "ఊరికే చెప్పడానికి సముద్రం దాటాలా? ఇక్కడ పిల్లలు లేరా?" అంది. అవనిగడ్డ నాన్న కౌలు రైతు. ఆయన ఏమీ అనకుండా లేచి చేలోకి వెళ్లిపోయాడు. ఆ మౌనమే ఎక్కువ బాధపెట్టింది.

అమ్మ ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. దాచుకున్న డబ్బుతో ముందు డ్వాక్రా అప్పు వాయిదాలు కట్టాం. కౌలుకు కొంత ఇచ్చాం. తిరిగొచ్చాక డీఎస్సీ రాస్తామని మాట ఇచ్చాం. అప్పటిగ్గానీ కూర్చుని మాట్లాడుకోలేకపోయాం.

అప్పుడు అమ్మకు మేము చదివింది చెప్పాం. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరుకు తోటల యజమానులకు పనివాళ్లు కావలసి వచ్చారు. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదలు దాకా మన దేశం నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలుగా వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మన తెలుగువాళ్లను అక్కడ కొరింగీలు అన్నారు. ఇప్పటికీ ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడ జరిగాయి. కానీ చాలామంది పిల్లలు ఇంట్లో మాట్లాడేది క్రియోల్. తెలుగు వాళ్లకు బడిలో నేర్చుకునే భాష.

అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: "అయితే వాళ్లూ కూలికి పోయినోళ్లేనా?"

అవునన్నాం.

"అయితే చెప్పిరండి" అంది.

ఇక పాస్‌పోర్టు. పదో తరగతి పాసైన వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అనే ముద్ర ఉండదు. మాలో ఒకరి మేనత్త చదువుకోలేదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లేముందు ఆమె ప్రభుత్వ అనుమతి కోసం ఎన్నాళ్లో తిరిగింది. మా విషయంలో హాస్టల్లో ఉండి తెచ్చుకున్న పదో తరగతి మెమో చూపిస్తే సరిపోయింది. చెల్లెళ్లూ, ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి. అందులో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఒక అక్షరం తేడా వల్ల మేము నెల రోజులు తిరిగాం.

రెండు నెలలుగా ఆదివారాలు ఇక్కడి చిన్నపిల్లల మీదే పాఠాలు సాధన చేస్తున్నాం. తెలుగు రాని వాళ్లకు తెలుగులో వివరించలేం కదా! అందుకని వస్తువు చూపించి పేరు మాత్రం చెబుతున్నాం. "అక్కా, మీకు మాటలు పడిపోయాయా?" అని ఒక పిల్ల అడిగితే అందరం నవ్వుకున్నాం. ఎడ్లబండి, తాటిచెట్టు చూపించడానికి కొండపల్లి బొమ్మలు కొన్నాం. పెద్ద బాలశిక్ష రెండు ప్రతులు పెట్టాం. అమ్మ ఆవకాయ జాడీ తెచ్చేసరికి పెట్టె బరువు మించింది. మా చీరలు రెండు తీసేశాం గానీ ఆవకాయ తీయలేదు.

మాకంటే ఇంట్లో ఉండేవాళ్లను సిద్ధం చేయడమే పెద్ద పని. అమ్మకు వీడియో కాల్ నేర్పాం. మన గడియారం కంటే అక్కడిది గంటన్నర వెనక. మనకు తొమ్మిదైతే వాళ్లకు ఏడున్నర. నాన్నకు ఆ లెక్క రెండుసార్లు చెప్పాం. మూడోసారి ఆయనే, "నేను భోంచేసి పడుకునే వేళకు మీ బడి అయిపోతుందన్నమాట" అన్నాడు. ప్రయాణం గురించి నాన్న అన్న మొదటి మాట అదే.

భయం లేదని చెప్పం. మేము లేనప్పుడు ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఎలా అన్న ఆలోచన రాత్రిళ్లు వస్తుంది. అప్పుడు ఒకరం మూడో ఎక్కం మొదలుపెడతాం, రెండోవాళ్లం అందుకుంటాం.

మా పాత ట్రంకు పెట్టెలు రెండూ హాస్టల్‌కే ఇచ్చి వెళ్తున్నాం. తాళాలు బాగానే ఉన్నాయి. ఈసారి కొత్తగా చేరే పిల్లలకు ఇవ్వండి. మొదటి రాత్రి వాళ్ల పక్కన ఎవరైనా పడుకోండి. రెండేళ్ల తర్వాత వార్షికోత్సవానికి వచ్చి అందరినీ ఎక్కాలు అడుగుతాం.